కొత్త రీఫ్ ట్యాంకులో చేపలు వేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రీఫ్ ట్యాంకులోకి, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే సముద్రపు నీటి ట్యాంకులోకి, చేపను వదలడం రెండు నిమిషాల పని. దాన్నే మళ్లీ బయటికి తీయాలంటే రాళ్లు కదపాలి, వాటికి అతికించిన కోరల్స్ ఊడదీయాలి, సగం నీళ్లు తోడెయ్యాలి. మంచినీటి ట్యాంకులోలా వల ముంచి పట్టేయడం ఇక్కడ కుదరదు. రాళ్ల సందుల్లో దూరిపోయిన చిన్న డామ్సెల్ చేప కోసం ఒక పూటంతా వెతికినా దొరక్కపోవచ్చు. ఈలోగా మిగతా చేపలు బెదిరిపోయి తిండి మానేస్తాయి. కాబట్టి ఏ చేపకు ఏ చేపతో పడుతుందన్నది షాపులో రంగులు చూస్తూ తేల్చుకునే విషయం కాదు. ట్యాంకులో ఇంకా ఒక్క చేప కూడా లేనప్పుడే కాగితం మీద తేలిపోవాలి.

ఈ నెల కొనబోయేవే కాకుండా, ఎప్పటికైనా పెంచాలని మనసులో ఉన్న చేపలన్నిటి పేర్లూ ఆ కాగితం మీద రాయండి. ఒక్కొక్క దాని పక్కన నాలుగు సంగతులు ఉండాలి: పెద్దయ్యాక ఎంత పొడవు పెరుగుతుంది, ఏం తింటుంది, ట్యాంకులో ఏ భాగంలో తిరుగుతుంది, తన చోటు కోసం ఎంతవరకు పోట్లాడుతుంది. శాస్త్రీయ నామం కూడా రాసుకోండి, ఎందుకంటే వ్యాపారంలో పేర్లు బాగా కలిసిపోతుంటాయి. రాయల్ గ్రామా, రాయల్ డాటీబ్యాక్ అనే రెండు చేపల సంగతే చూడండి. రెండూ ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. గ్రామా లొరెటో అనే మొదటిది తన గుహ జోలికి వస్తే తప్ప దాదాపు ఎవరినీ ఏమీ అనదు. పిక్టిక్రోమిస్ పకనెల్లే అనే రెండోది తనకంటే పెద్ద చేపలను కూడా వెంటపడి కొరుకుతుంది. తేడా తెలియాలంటే రంగులు కలిసే చోటు చూడాలి. గ్రామాలో ఊదా రంగు చుక్కలు చుక్కలుగా మెల్లగా పసుపులోకి కలుస్తుంది, కంటి మీదుగా ఒక గీత, వీపు రెక్క ముందు భాగంలో ఒక నల్ల మచ్చ ఉంటాయి. డాటీబ్యాక్‌లో నడుము దగ్గర గీత గీసినట్టు రంగు ఒక్కసారిగా మారిపోతుంది. ఈ ఒక్క పొరపాటుతో ప్రశాంతంగా ఉన్న చిన్న ట్యాంకు మొత్తం చెడిపోతుంది.

షాపుల్లో, చార్టుల్లో 'రీఫ్ సేఫ్' అని రాసి ఉంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ మాట కోరల్స్ గురించి మాత్రమే చెబుతుంది, పక్క చేపల గురించి కాదు. లయన్ ఫిష్ కోరల్‌ను ముట్టుకోదు. కానీ నోట్లో పట్టే ప్రతి చేపనూ, ప్రతి రొయ్యనూ మింగేస్తుంది, పైగా దాని ముళ్లలో విషం ఉంటుంది కాబట్టి ట్యాంకులో చెయ్యి పెట్టే మనిషికీ ప్రమాదమే. బటర్‌ఫ్లై చేపలది దీనికి తిరగేసిన కథ. తోటి చేపలతో చాలావరకు సాధువులే, అయితే వాటిలో చాలా రకాలకు కోరల్ పాలిప్సే (కోరల్‌లోని చిన్న చిన్న జీవులే) ఆహారం. పెద్ద ఏంజెల్ చేపలు కూడా కోరల్స్‌ను కొరుకుతాయి. ఫ్లేమ్ ఏంజెల్, కోరల్ బ్యూటీ లాంటి చిన్న ఏంజెల్స్ ఎలా ఉంటాయో ముందే చెప్పలేం. ఒకటి ఏళ్ల తరబడి ఏమీ చేయదు, ఇంకొకటి వారంలోనే కొరకడం మొదలుపెడుతుంది. కోరల్స్ మీద మనసు ఉన్నవాళ్లు మొదటి ట్యాంకులో వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ట్రిగ్గర్, పఫర్ చేపలు నత్తలను, రొయ్యలను, పీతలను పగలగొట్టుకు తింటాయి. ముద్దుగా కనిపించే హాక్‌ఫిష్ కూడా చిన్న రొయ్యలను వదలదు. బాక్స్‌ఫిష్, కౌఫిష్‌లతో ఇంకో రకం ముప్పు ఉంది. బాగా బెదిరినా, చచ్చిపోయినా అవి నీళ్లలోకి విషం వదలగలవు. దాంతో ట్యాంకులోని మిగతా చేపలన్నీ చనిపోయే అవకాశం ఉంది.

ఇక సైజు. షాపులో మనం చూసేవన్నీ దాదాపు పిల్లలే. అరచేతిలో సగం కూడా లేని నీలి టాంగ్ చేప పెద్దయ్యాక 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పసుపు టాంగ్ 20 దాకా పెరుగుతుంది. వీటికి లీటర్ల లెక్క కంటే ఈదడానికి ఉన్న పొడవు ముఖ్యం. నాలుగడుగుల కంటే చిన్న ట్యాంకులో ఏ టాంగూ వద్దు, నీలి టాంగ్‌కైతే ఆరడుగులు కావాలి. 'ఇప్పటికి చిన్నదే కదా, పెద్దయ్యాక ట్యాంకు మారుద్దాం' అనుకుని కొంటే ఇబ్బంది పడేది చేపే. ఇరుకులో తిరిగే టాంగ్ ఒత్తిడికి లోనై తెల్ల మచ్చల జబ్బు తెచ్చుకుంటుంది, తోక దగ్గరుండే కత్తిలాంటి ముల్లుతో పక్కవాటిని చీరుతుంది.

చేపల మధ్య గొడవలకు కారణం చాలాసార్లు ఒక్కటే: ఒకే ఆకారం, ఒకే తిండి, ఒకే చోటు. ఇసుక మీద కూర్చునే రెండు గోబీలు, రాతి సందునే ఇల్లు చేసుకునే రెండు బ్లెన్నీలు, పాచి మేసే రెండు టాంగులు చిన్న ట్యాంకులో కలిసి ఉండలేవు. అదే ఇసుక మీద ఒక గోబీ, రాతి గుహలో ఒక గ్రామా, నడి నీళ్లలో ఒక కార్డినల్ ఉంటే దేని బతుకు దానిదే. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు పంచినట్టు ట్యాంకును ముందే పంచుకుంటే సగం గొడవలు రావు. రాళ్లు పేర్చేటప్పుడే దీని గురించి ఆలోచించాలి. ఒకే పెద్ద గుట్టలా పేరిస్తే దాన్నంతా ఒక్క చేపే ఆక్రమిస్తుంది. మధ్యలో ఖాళీ వదిలి రెండు మూడు గుట్టలుగా, ఒకవైపు నుంచి దూరి ఇంకోవైపు నుంచి బయటపడే దారులుండేలా పేర్చండి.

ఒకే జాతి చేపలను గుంపుగా పెట్టాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతిది జతకట్టే మగదవుతుంది, మిగిలినవాటిని ఆ జంట వేధిస్తుంది. అందుకని రెండే తీసుకోండి, ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది. రెండూ సమానంగా ఉంటే ఎవరు పెద్ద అన్నది తేలేదాకా కొట్టుకుంటాయి. ఆసిలారిస్ రకం మెతకది. మెరూన్ క్లౌన్‌ను మాత్రం మొదటి ట్యాంకులోకి తేవద్దు, పెద్దదైన ఆడది మన చేతిని కూడా కరుస్తుంది. క్లౌన్ చేప ఉంది కదా అని అనీమోన్ (సముద్రంలో ఈ చేపలు ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే జీవి) కొనక్కర్లేదు, అది లేకుండా కూడా ఈ చేపలు హాయిగా బతుకుతాయి. అనీమోన్‌కు కనీసం ఆరు నెలలైనా నిలకడగా నడిచిన ట్యాంకు కావాలి, పైగా అది కదులుతూ వెళ్లి కోరల్స్‌ను కుట్టేస్తుంది. ఆకుపచ్చ క్రోమిస్‌లను గుంపుగా తెస్తే అవి ఒకదాన్నొకటి వేధించుకుని ఒక్కొక్కటిగా తగ్గిపోవడం తరచుగా జరిగేదే. బంగాయ్ కార్డినల్స్ కూడా అంతే, గుంపులో ఒక జంట ఏర్పడగానే మిగతావి బతకడం కష్టం. ఈ చేప సహజంగా ఉండేది ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల దగ్గరే, అక్కడ దాని సంఖ్య ప్రమాదంలో పడింది. తీసుకుంటే ట్యాంకులో పుట్టి పెరిగిన దాన్నే తీసుకోండి. గుంపే కావాలంటే పజామా కార్డినల్ చాలా నయం.

గొడవ పడని చేపలన్నీ మన ట్యాంకులో బతుకుతాయని కూడా అనుకోవద్దు. మాండరిన్ డ్రాగొనెట్ ఎవరి జోలికీ పోదు, దాని రంగులు చూస్తే ఎవరైనా ఆగిపోతారు. కానీ అది రోజంతా రాళ్ల మీద కోపీపాడ్స్ అనే సూక్ష్మ జీవులను ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో అవి చాలినన్ని ఉండవు. చూస్తుండగానే చేప కడుపు లోపలికి పోయి, వారాల్లో ఆకలితో చచ్చిపోతుంది. క్లీనర్ రాస్‌ది కూడా అదే కథ. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకునే ఆ చేపకు ఇంటి ట్యాంకులో చాలినంత తిండి దొరకదు. ఆ పని మీద మోజుంటే నియాన్ గోబీ మేలు. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై మామూలు తిండికి అలవాటు పడటం కష్టం. ఆంథియాస్‌కు రోజుకు చాలాసార్లు మేత వెయ్యాలి. ఇవన్నీ అందమైనవే, కానీ మొదటి ఏడాదికి కావు.

మరి ఏం పెట్టాలి? 200 లీటర్ల ట్యాంకుకైతే నేను ఇలా చెబుతాను: ఆసిలారిస్ క్లౌన్ జంట, ఒక రాయల్ గ్రామా, ఒక వాచ్‌మన్ గోబీ, ఒక టెయిల్‌స్పాట్ బ్లెన్నీ. ఐదు చేపలు, చాలు. గోబీతో పాటు పిస్టల్ రొయ్యను తెస్తే ఇంకా బాగుంటుంది. రొయ్య బొరియ తవ్వుతుంది, చూపు సరిగా ఆనని ఆ రొయ్యకు గోబీ కాపలా కాస్తుంది. అయితే రొయ్య ఇసుక తవ్వుతుంది కాబట్టి రాళ్లు ఇసుక మీద కాకుండా ట్యాంకు అడుగునే ఆనాలి, లేకపోతే గుట్ట కూలి చేప నలిగిపోతుంది.

వేసే వరుస కూడా రకాల ఎంపిక అంత ముఖ్యం. ముందుగా నీళ్లు సిద్ధం కావాలి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపూరిత అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేప వద్దు. ఈ దశ దాటించడానికి చౌకగా దొరికే డామ్సెల్స్ వేయమని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి వినకండి. ఆ చేపకు మొప్పలు మండిపోయే నీళ్లలో బతకడం నరకం, బతికి బట్టకడితే ట్యాంకంతా తనదే అనుకుంటుంది. తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరుముతుంది. సీసాలో దొరికే అమ్మోనియాతోనే ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత భయస్తులు ముందు, దుడుకువి చివర. ఫైర్‌ఫిష్, గోబీ లాంటివి మొదట, గ్రామా తర్వాత, క్లౌన్లు ఆ తర్వాత. సిక్స్‌లైన్ రాస్ కావాల్సిందే అనుకుంటే అన్నిటికంటే ఆఖరున. బ్లెన్నీకి మాత్రం రాళ్ల మీద పలచగా పాచి పట్టేదాకా ఆగాలి, అదే దాని తిండి. ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య రెండు మూడు వారాల ఎడం ఉంటే బ్యాక్టీరియా కూడా కొత్త భారాన్ని అందుకుంటుంది.

క్వారంటైన్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దాటేసేది దీన్నే. సముద్రపు చేపల తెల్ల మచ్చల జబ్బుకు కారణం క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప ఒంటి మీద మచ్చలు కొన్ని రోజులకే రాలిపోతాయి, జబ్బు తగ్గిందనుకుంటాం. నిజానికి అది రాళ్ల మీద, ఇసుకలో గూడు కట్టుకుని వారాల తర్వాత వందల సంఖ్యలో మళ్లీ బయటికి వస్తుంది. దానికి పనిచేసే రాగి మందును రీఫ్ ట్యాంకులో వేయలేం, రొయ్యలూ నత్తలూ కోరల్స్ చచ్చిపోతాయి. జబ్బు ఒకసారి లోపలికి వస్తే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచమని అనుభవజ్ఞులు చెబుతారు. వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు ఇంకా ఘోరం, రోజుల్లోనే అన్నిటినీ తీసుకుపోతుంది. ఇంత బాధ తప్పాలంటే ఒక చిన్న ఖాళీ ట్యాంకు, హీటర్, బ్యాక్టీరియా పట్టిన స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు. ప్రతి కొత్త చేపా కనీసం నాలుగు వారాలు అందులోనే ఉండాలి. ఆ ట్యాంకులో వాడిన వల, గొట్టం ప్రధాన ట్యాంకులో ముంచకండి.

కొనేటప్పుడు చేప తినడం కళ్లారా చూడండి. తినకపోతే ఎంత అందమైనదైనా వదిలేయండి. కడుపు లోపలికి పోయినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, కళ్లు మసకబారినా తీసుకోవద్దు. ఆ చేపే కాదు, అదే ట్యాంకులోని పక్క చేపలు నలతగా ఉన్నా తీసుకోవద్దు. ఒకే రకంలో ట్యాంకులో పుట్టినది, సముద్రంలో పట్టినది రెండూ ఉంటే మొదటిదే తీసుకోండి. అది మామూలు తిండికి అలవాటై ఉంటుంది.

ఇంటికి తెచ్చాక సంచి నీళ్ల ఉప్పు శాతం కొలవండి. చాలాచోట్ల చేపలను మన ట్యాంకు కంటే తక్కువ ఉప్పులో ఉంచుతారు. తక్కువ ఉప్పు నుంచి ఎక్కువకు చేపను ఒక్కసారిగా మార్చడం ప్రమాదం. క్వారంటైన్ నీళ్లను సంచి ఉప్పుకు సరిపోయేలా ముందే కలిపి పెట్టుకుని, తర్వాతి రోజుల్లో మెల్లగా స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పును సూచించే సాపేక్ష సాంద్రత) 1.025 దాకా పెంచడం మంచి పద్ధతి. ఎక్కువసేపు సంచిలో ప్రయాణం చేసి వచ్చిన చేపకు చుక్క చుక్కగా గంటల తరబడి నీళ్లు పోయకండి. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి, పీహెచ్ పెరిగి, అందులోని అమ్మోనియా విషమవుతుంది.

ప్రధాన ట్యాంకులోకి మార్చే రోజు లైట్లు తగ్గించి, పాత చేపలకు ముందే కడుపునిండా పెట్టండి. కొత్త చేపను చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో పెట్టి రెండు మూడు రోజులు ట్యాంకులోనే వేలాడదీస్తే ఒకదానికొకటి అలవాటు పడతాయి. పైన సన్నని వల మూత లేకుండా మాత్రం ఏ చేపనూ వదలొద్దు. ఫైర్‌ఫిష్, రాస్, గ్రామా అన్నీ ఎగిరేవే, అదీ మొదటి రాత్రుల్లోనే.

మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం తరుముకోవడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. రెక్కలు చిరిగినా, కొత్త చేప పైమూలలో ఇరుక్కుని తిండికి రాకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా విడదీయాలి. ముందు తరిమే చేపనే పెట్టెలో వేసి వారం ఉంచండి, ఈలోగా కొత్తది తన చోటు చూసుకుంటుంది. పెట్టెలోకి రాకపోతే వల పట్టుకుని వెంటపడొద్దు. తలుపున్న ఉచ్చుపెట్టెను ట్యాంకులో దించి, తలుపు తెరిచే ఉంచి, కొన్ని రోజులు మేత అందులోనే వేయండి. అది భయం లేకుండా లోపలికి వచ్చి తినడం అలవాటయ్యాక, ఒక పూట మేత ఆలస్యం చేసి, ఆకలి మీద దూరినప్పుడు తలుపు వేసేయండి.