కాలిపర్లకు ఇంట్లోనే రంగు వేస్తున్నారా? బ్రష్షు పట్టే ముందు ఇవి చూసుకోండి

కొత్తగా అలాయ్ వీల్స్ వేయించాక, వాటి సందుల్లోంచి తుప్పు పట్టిన బ్రేక్ కాలిపర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు ప్యాడ్లతో నొక్కిపట్టే భాగం) కనిపిస్తుంటే ఎవరికైనా చికాకే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. రంగు వేయడం పెద్ద విద్యేమీ కాదు, సెలవు రోజు పని. కాకపోతే వేసేది బ్రేకుకి. గేటుకి వేసేటప్పుడు పక్కన పడిన చుక్కని గుడ్డతో తుడిచేస్తాం. ఇక్కడ పడకూడని చోట పడిన చుక్క బ్రేకుని జామ్ చేస్తుంది, లేదా పట్టకుండా చేస్తుంది. కాబట్టి ఎక్కడ వేయాలన్నది తర్వాత, ఎక్కడ వేయకూడదన్నది ముందు తెలియాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఎర్ర రంగు వేసినంత మాత్రాన బండి తొందరగా ఆగదు. ఇది తుప్పు ఆపడానికి, చూపుకి. రంగు వేశాక పైన రేసు కార్ల బ్రేకుల కంపెనీ పేరు స్టిక్కర్ అంటించుకోవడం మీ ఇష్టం. ప్లాస్టిక్ కాలిపర్ కవర్లు మాత్రం వద్దు. వేడి బయటికి పోనివ్వవు, వదులైతే చక్రానికి తగులుతాయి.

ఇక్కడ చెప్పేదంతా ముందు చక్రాల గురించే, అదీ కాలిపర్ విప్పకుండా బండి మీదే బ్రష్షుతో వేసే పద్ధతి. స్విఫ్ట్, బాలెనో లాంటి మన చిన్న కార్లకి చాలావరకు వెనక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి, వాటికి కాలిపర్లుండవు. స్ప్రే డబ్బాతో చేస్తే నున్నగా వస్తుంది, నిజమే. కానీ తుంపర డిస్కు మీదికి, ప్యాడ్ల సందుల్లోకి పోతుంది. మొదటిసారి చేసేవాళ్లకి బ్రష్షే నయం.

ఎప్పుడు వేయాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పది తర్వాత, మంచు ఆరాక మొదలుపెడితే మంచిది. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి, కాబట్టి జనవరి తర్వాత చూసుకోవాలి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువై రంగు తెల్లబారుతుంది, శుభ్రం చేసిన ఇనుము మీద గంటల్లోనే మళ్లీ సన్నటి తుప్పు పొర లేస్తుంది. మే ఎండలో దీనికి వ్యతిరేకం: బ్రష్షు లాగేలోపే రంగు ఎండి గీతలు మిగులుతాయి. 15 నుంచి 30 డిగ్రీల మధ్య, నీడలో చేసే పని ఇది.

చోటు కూడా ముఖ్యమే. అపార్టుమెంటు సెల్లార్లో చేయొద్దు. థిన్నర్, బ్రేక్ క్లీనర్ ఆవిర్లు గాలికన్నా బరువు, కిందే పేరుకుంటాయి. ఇంటి ముందు చేస్తే తులసికోట దగ్గర దీపం వెలుగుతోందేమో, పక్కింటి వంటింటి కిటికీ అటువైపే ఉందేమో చూసుకోండి. సిగరెట్ సంగతి చెప్పక్కర్లేదు.

రంగు కన్నా ముందు బ్రేకుని చూడండి

చక్రం తీశాక వెంటనే రుద్దడం మొదలెట్టకండి. ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు (తొడుగు) చిరిగిందా? కింద తడిగా, జిడ్డుగా ఉందా? అలా ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టే. దాని మీద రంగు వేయడమంటే లీకుని దాచిపెట్టడమే. ముందు మెకానిక్ దగ్గర సీళ్ల కిట్ మార్పించాలి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినా, రెండు ప్యాడ్లలో ఒకటే బాగా అరిగినా ముందు ఆ పని చూసుకోవాలి. ఒకటే అరిగిందంటే కాలిపర్ అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నులు పట్టేసి ఉండొచ్చు.

కావాల్సిన సరుకు

కాలిపర్ పెయింట్ అని రాసి ఉన్నదే కొనండి. మామూలు వాడకంలోనే డిస్కు వంద డిగ్రీలు దాటుతుంది. తిరుమల, శ్రీశైలం లాంటి ఘాట్ దిగేటప్పుడు ఇంకా చాలా వేడెక్కుతుంది. గేటుకి వేసే ఎనామెల్ ఆ వేడికి రంగు మారి, పెళుసై, పెచ్చులుగా లేస్తుంది. డబ్బా మీద కనీసం 250 డిగ్రీలు తట్టుకుంటుందని ఉండాలి. ముందు రెండు కాలిపర్లకి 100 నుంచి 150 మిల్లీలీటర్లు సరిపోతుంది. రెండు భాగాలు కలిపే రకమైతే కలిపిన దగ్గర్నుంచి గట్టిపడటం మొదలవుతుంది, కాబట్టి మాస్కింగ్ (రంగు పడకూడని చోట్లకి టేపు వేయడం) అంతా అయ్యాకే కలపాలి. కింద మామూలు ప్రైమర్ వేయొద్దు. పైరంగు వేడి తట్టుకున్నా అడుగున ప్రైమర్ వదిలేస్తే మొత్తం ఊడుతుంది.

ఇవి కాక అర అంగుళం, పావు అంగుళం బ్రష్షులు ఒక్కోటి, వైర్ బ్రష్షు, 120 నంబరు ఎమరీ కాగితం, రెండు డబ్బాల బ్రేక్ క్లీనర్, మాస్కింగ్ టేపు, పాత పేపర్లు, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు ఉండాలి. ఎన్95 దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. స్ప్రే చేసేవాళ్లకి కార్బన్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. కాలిపర్ అల్యూమినియందైతే స్టీలు వైర్ బ్రష్షు వాడొద్దు, గీతలు పడతాయి. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ చాలు.

ఎత్తడం

బండి నడిపి వచ్చాక కనీసం గంట ఆగండి. చదునైన గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి, తర్వాత జాకీ ఎక్కించండి. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాన్ని నమ్ముకుని గంటల తరబడి పని చేయకూడదు. 2 టన్నుల జాక్ స్టాండు పెట్టి, బరువు దాని మీదికి దించాకే చేయి లోపల పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, బరువు మీదుండగా ఉన్నట్టుండి పగులుతాయి. స్టీరింగ్‌ని చక్రం బయటికి తిరిగేలా తిప్పితే కాలిపర్ వెనక వైపు కూడా చేయి ఆడుతుంది.

శుభ్రం చేయడం, అసలు కష్టం ఇదే

రంగు ఊడొచ్చిందంటే పదికి తొమ్మిదిసార్లు తప్పు రంగుది కాదు, అడుగున మిగిలిన జిడ్డుది. ముందు సబ్బు నీళ్లు చల్లి దుమ్ముని తడపండి. బ్రేక్ దుమ్ముని ఎయిర్ కొట్టి ఊదొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత ప్యాడ్ల దుమ్ములో ఆస్‌బెస్టాస్ కూడా ఉండొచ్చు. తడి మీదే వైర్ బ్రష్షుతో రుద్ది, ఆరాక ఎమరీ కాగితంతో వదులు తుప్పంతా తీసేయాలి. గట్టిగా పట్టుకున్న తుప్పు మరకలు కొన్ని మిగిలినా ఫరవాలేదు. గోరు తగిలితే రాలే పొర మాత్రం మిగలకూడదు.

ఇక కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు. షెడ్లలో ఏది కడగాలన్నా ముందు వీటినే తీస్తారు. కాలిపర్ దగ్గర మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. బ్రేకు లోపలి సీళ్లు, బూట్లు ఎక్కువగా ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరుతో చేస్తారు. బ్రేక్ ఆయిల్‌లో ఏళ్ల తరబడి నానినా ఆ రబ్బరుకి ఏమీ కాదు గానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఉబ్బిన సీలు పిస్టన్‌ని వెనక్కి రానివ్వదు, ప్యాడ్ డిస్కుని రాస్తూనే ఉంటుంది. పైగా ఆ నూనె పొర మీద రంగు కూడా నిలవదు. తుప్పు వదిలించే స్ప్రేలదీ ఇదే కథ. చివరి తుడుపు బ్రేక్ క్లీనర్‌తోనే, కొత్త గుడ్డతో. గుడ్డకి నలుపు అంటకుండా వచ్చేదాకా తుడవాలి. క్లీనర్ త్వరగా ఆరాలని హీట్ గన్ పట్టొద్దు. కొన్ని రకాలు భగ్గుమంటాయి, క్లోరిన్ ఉన్న రకాలు వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు వదులుతాయి.

రంగు పడకూడని చోట్లు

డిస్కు, ప్యాడ్లు సరే, అందరికీ తెలిసినవే. చాలామంది మర్చిపోయేది కాలిపర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్‌లో ప్యాడ్ల చెవులు (రెండు చివర్ల పొడుచుకొచ్చిన ముక్కలు) కూర్చునే గాడి. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్ ఆ గాడిలోనే ముందుకి జరుగుతుంది, వదిలితే కాస్త వెనక్కి వస్తుంది. అక్కడ సందు చాలా తక్కువ. రెండు పూతల రంగు పడితే ప్యాడ్ బిగుసుకుంటుంది, ఆ చక్రం కాలుతుంది, మైలేజీ పడిపోతుంది. అక్కడుండే స్టీలు క్లిప్పుల మీద కూడా పడకూడదు.

పిస్టన్, దాని బూటు, గైడ్ పిన్నుల బూట్లు, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వచ్చే గొట్టం), చక్రం వేగం చూసే ఏబీఎస్ సెన్సరు, దాని వైరు అన్నిటికీ టేపు చుట్టాలి. బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి తీసే (ఎయిర్ తీసే) నిపుల్‌ని రంగుతో పూడ్చేస్తే తర్వాత ఆయిల్ మార్చేటప్పుడు విప్పబోతే విరుగుతుంది. దానికి రబ్బరు టోపీ ఉంచి పైన టేపు వేయండి. గైడ్ బోల్టుల తలలకి కూడా రంగు వద్దు, పానా సరిగ్గా కూర్చోదు.

ఇంకోటి, చక్రం వచ్చి ఆనే ముఖం. అందం కోసం డిస్కు మధ్య భాగానికి కూడా రంగు కొట్టేవాళ్లున్నారు. చక్రానికీ డిస్కుకీ మధ్య రంగు పొర ఉంటే వేడికి, ఒత్తిడికి నలిగి పలచబడుతుంది, ఆ మేరకు నట్ల బిగువు తగ్గుతుంది. అక్కడ లోహం లోహానికే ఆనాలి.

ప్యాడ్ మీద రంగు పడితే గీకి, కాల్చి సరిపెట్టకండి. రెండు వైపులా ప్యాడ్ల సెట్టు మార్చాల్సిందే. డిస్కు మీద పడితే తడిగా ఉండగానే బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవాలి.

కాలిపర్ విప్పి చేస్తామంటే మూడు సంగతులు. దాన్ని హోస్‌కి వేలాడదీయొద్దు, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. విప్పి ఉండగా ఎవరూ బ్రేకు తొక్కకూడదు, పిస్టన్ ఊడి బయటికొస్తుంది. హోస్ మాత్రం విప్పొద్దు. విప్పితే గాలి చేరుతుంది, ఎయిర్ తీయడం చేతకాకపోతే బండి కదలదు.

వేయడం, ఆరడం

మొదటి పూత పలచగా, కింద లోహం కాస్త కనిపించినా సరే. మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల థిన్నర్ చిక్కుకుంటుంది, మొదటిసారి బ్రేకు వేడెక్కగానే బుడగలు లేస్తాయి. రెండు మూడు పూతలు చాలు. మధ్య ఎంత ఆగాలో డబ్బా మీద చదవండి. కొన్ని రకాలకి రెండో పూత గంటలోపు వేయాలి, లేదంటే వారం ఆగాలి. ఆ మధ్యలో వేస్తే ముడతలు పడుతుంది. టేపు చివరి పూత పూర్తిగా గట్టిపడకముందే తీయండి, ఆలస్యమైతే రంగు అంచుని పట్టుకుని వస్తుంది.

వేలు అంటుకోకుండా ఆరాక, అంటే నాలుగైదు గంటలకి, చక్రం ఎక్కించొచ్చు. బండి తీయడం మర్నాడే. వారం దాకా ప్రెషర్ వాష్ వద్దు. బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

చక్రం నట్లు నక్షత్రం ఆకారంలో, బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి. కాలిపర్ విప్పి ఉంటే గైడ్ బోల్టులకీ అంతే. స్టార్ట్ చేసి కదిలే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటే మొదటి తొక్కుడికి పెడల్ నేలకి పోతుంది, అది రోడ్డు మీద తెలియకూడదు. వీధిలోనే నెమ్మదిగా నడిపి, రెండు మూడుసార్లు ఆపి చూడండి. బండి ఒక పక్కకి లాగినా, ఐదారు కిలోమీటర్లు తిరిగొచ్చాక ఒక చక్రం రెండోదానికన్నా బాగా వేడిగా ఉన్నా, అటువైపు ప్యాడ్ల గాడి విప్పి చూడాలి. మొదటి రోజు కాస్త రంగు వాసన రావడం మామూలే, పొగ రావడం మామూలు కాదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి.