మిర్చి లెక్కలతో పైథాన్ మొదలెడితే

నేను రాసిన మొదటి ప్రోగ్రాం 40 కేజీలకు 42 కేజీలు కలిపి 4042 అని చెప్పింది. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) కలిపి నాలుగు టన్నులు తూగాయని చెబితే మా షావుకారు ఆ సాయంత్రమే నా లెక్క కూడా తేల్చేస్తాడు. తప్పెక్కడుందో పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. నేను రాసింది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. మనం కీబోర్డు మీద 40 అని కొట్టినా పైథాన్‌కి అది సంఖ్య కాదు, 4, 0 అనే రెండు అక్షరాలు. మనం కొట్టింది తీసుకునే ఆజ్ఞ 'ఇన్‌పుట్' (input) ఎప్పుడూ అక్షరాలనే తెచ్చిస్తుంది. 'ఇంట్' (int) పెట్టి దాన్ని సంఖ్యగా మార్చుకోకపోతే ప్లస్ గుర్తు వాటిని కూడదు, పక్కపక్కన అతికిస్తుంది.

ఈ మాట వీడియోల్లో అప్పటికే నాలుగైదుసార్లు విన్నాను. చెవికి ఎక్కింది గానీ బుర్రకి ఎక్కలేదు.

మొన్న మా పిన్ని కొడుకు వచ్చాడు. బీకాం అయింది, ఖాళీగా ఉన్నాడు. "అన్నయ్యా, నేనూ కోడింగ్ నేర్చుకుంటా, ఎక్కడ మొదలెట్టమంటావ్?" అన్నాడు. వాడి ఫోన్ చూస్తే పద్నాలుగు ప్లేలిస్టులు సేవ్ చేసి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మూడో వీడియో దాటలేదు. వాడికి ఆ రోజు చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఇప్పుడే ఎవరికీ ఫీజు కట్టొద్దు. నేను కట్టాను. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి రైలెక్కి విజయవాడ వెళ్లి ఒక శిక్షణ కేంద్రంలో కూర్చునేవాణ్ణి. బోర్డు మీద రాసింది నోట్సులో ఎక్కించుకోవడం, టర్బో సి నీలం తెర మీద అదే కొట్టడం, అంతే. టర్బో సి అంటే సి భాషలో ప్రోగ్రాములు రాసుకునే పాత సాఫ్ట్‌వేర్, 1987లో వచ్చింది. ఇప్పటి విండోస్‌లో అది నడవాలంటే విండోస్‌కి ముందటి పాత డాస్‌లా నటించే ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి. ఆ ముసలి సరంజామాతో కుస్తీ పట్టలేక సి భాష మీదే నాకు విరక్తి వచ్చింది. పాపం, తప్పు సి భాషది కాదు.

లాప్‌టాప్ ఉంటే థానీ అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. ఉచితం. విండోస్‌లో పైథాన్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, విడిగా పెట్టుకునే బాధ లేదు. తెరిస్తే పైన ప్రోగ్రాం రాసుకునే చోటు, కింద షెల్, అంటే కొట్టిన వరసకి వెంటనే జవాబిచ్చే చోటు. ఆ షెల్‌లో మొదటి రోజు మా తమ్ముడి చేత ఈ నాలుగు వరసలు కొట్టించాను, ఒక్కో వరసకీ ఎంటర్ నొక్కిస్తూ:

బరువు = 412
రేటు = 15000
మొత్తం = బరువు * రేటు / 100
మొత్తం

61800.0 అని వచ్చింది. పది టిక్కీలు కాటా వేస్తే 412 కేజీలు, క్వింటాలు పదిహేను వేలు, అంతే లెక్క. "తెలుగులో రాస్తే తీసుకుంటుందా!" అని వాడు నోరెళ్లబెట్టాడు. పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉండొచ్చు. పదిమందితో కలిసి పనిచేసేటప్పుడు ఇంగ్లీషు పేర్లే పెట్టాలనుకోండి, అది వేరే సంగతి. మొదటి రోజు బెదురు పోవడానికి మాత్రం ఇంతకు మించిన మందు లేదు. చివర ఆ సున్నా ఎందుకొచ్చిందని అడిగాడు. భాగించమంటే పైథాన్ జవాబుని దశాంశంలోనే ఇస్తుంది.

థానీలో ప్రోగ్రాం నడపడానికి ఎఫ్5. అయితే థానీని పెట్టుకోమన్నది కంట్రోల్ ఎఫ్5 కోసం. అది నొక్కాక ఎఫ్7 నొక్కుతూ పోతే ప్రోగ్రాం ఒక్కో అడుగే కదులుతుంది. వ్యూ మెనూలో వేరియబుల్స్ పెట్టె తెరిచి ఉంచుకుంటే, ఏ పేరులో ఏ విలువ ఉందో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. నా 4042 గుట్టు బయటపడింది అక్కడే. 40కి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు కనిపించాయి.

లాప్‌టాప్ లేదా? ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి గూగుల్ కొలాబ్‌కి వెళ్లండి. జీమెయిల్ ఉంటే చాలు, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, రాసింది డ్రైవ్‌లో ఉంటుంది. ఫోన్‌తో రెండు చికాకులు. వరస మొదట్లో కీబోర్డు తనంతట తానే పెద్దక్షరం వేస్తే పైథాన్ ఒప్పుకోదు, తెర మీద చూపించమనే 'ప్రింట్' (print) ఉందనుకోండి, దానికి పెద్ద 'పి'తో ప్రింట్ వేరు, చిన్న 'పి'తో ప్రింట్ వేరు. రెండోది, వాట్సాప్ నుంచో పీడీఎఫ్ నుంచో కోడ్ కాపీ చేస్తే కొటేషన్ గుర్తులు వంకర తిరిగి వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, ప్రోగ్రాం మాత్రం కదలదు. చేత్తో కొట్టుకోవడమే మేలు.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ దగ్గర అందరూ ఆగిపోతారు. నేనూ ఆగాను. అక్కడ పైథాన్ ట్యూటర్ అనే సైట్ ఆదుకుంటుంది. ఫిలిప్ గువో అనే ప్రొఫెసర్ తయారు చేసింది. మీ కోడ్ అందులో వేస్తే ఏ వరస నడుస్తోందో బాణం చూపిస్తుంది, పక్కన బొమ్మ గీస్తుంది, వెనక్కి కూడా వెళ్లొచ్చు. పెద్ద ప్రోగ్రాములకు పనికిరాదు. పదిహేను ఇరవై వరసల లోపు అయితే మాస్టారు పక్కన కూర్చుని వేలుపెట్టి చూపించినట్టే ఉంటుంది.

ఇక పాఠాలు. తెలుగులో వినాలనుకునేవాళ్లు ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలు, భాష దగ్గర తెలుగు ఎంచుకోవచ్చు. కొన్నిట్లో కనిపించే తెరలు పాతవి. పైథాన్ పాఠంలో ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 అని గుర్తుపట్టి వదిలేయండి, దానికి 2020 జనవరి 1తోనే కాలం చెల్లింది.

ఇంగ్లీషు ఫర్వాలేదనుకుంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటెల్‌లో మాధవన్ ముకుంద్ గారి పైథాన్ కోర్సు ఉంది, ఎనిమిది వారాలది. గ.సా.భా. కనుక్కోవడంతో మొదలెడతారు. హైస్కూల్లో తిట్లు తిని నేర్చుకున్న గ.సా.భా. ఇలా మళ్లీ ఎదురొస్తుందని నేను అనుకోలేదు. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. పూర్తిగా కొత్తవాళ్లకి రెండో వారం నుంచే కష్టంగా ఉంటుంది, కాబట్టి దీన్ని రెండో కోర్సుగా పెట్టుకోండి. మొదటిదిగా హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పైథాన్ కోర్సు నయం. డేవిడ్ మాలన్ చెబుతాడు, మనిషి స్టేజీ మీద ఒక్కచోట నిలబడడు. అసలు సీఎస్50 వేరే ఉంది. అది రంగు ముక్కలు పేర్చి ప్రోగ్రాం చేసే స్క్రాచ్‌తో మొదలై వెంటనే సి భాషలోకి దూకుతుంది, గుండె గట్టిదైతేనే వెళ్లండి. ఏదైనా ఒక్కటే పట్టుకోండి. మిగతా పదమూడు ప్లేలిస్టులు డిలీట్ చేయించాకే మా తమ్ముణ్ణి ఇంటికి పంపాను.

వెబ్‌సైట్లు చేయాలనుకునేవాళ్ల దారి వేరు. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత సైట్లో పాఠాలు, సందేహమొస్తే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఎండీఎన్ సైట్. నేను అటు ఎక్కువ నడవలేదు.

అభ్యాసానికి ప్రాజెక్ట్ ఆయిలర్ అనే లెక్కల సైట్లో మొదటి లెక్క చేయండి. వెయ్యి లోపు 3తో గానీ 5తో గానీ నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలన్నిటి మొత్తం కావాలి. 233168 రావాలి. 15 లాంటివాటిని రెండుసార్లు కూడితే జవాబు పెద్దదై కూర్చుంటుంది, నాకు అలాగే వచ్చింది. ఆ తర్వాత మీ ఇంటి లెక్కే తీసుకోండి, పాల చీటీ అయినా, చిట్టీ పాట అయినా. నేను హమాలీ, కమీషన్ పోను రైతుకి ఎంత వస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాం రాశాను. మే నెలలో యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు కూర్చుని పూర్తి చేశాను. డబ్బు లెక్కలు చేసేవాళ్లకి ఒక హెచ్చరిక: పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. అందుకే నేను అన్నిటినీ పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలతోనే నడిపిస్తాను.

ఎర్రర్ వచ్చిందని టెన్షన్ పడొద్దు. కింది వరస నుంచి చదవండి, ఏ తప్పో అక్కడుంటుంది, ఎన్నో లైనో దాని పైన ఉంటుంది. ఆ కింది వరసని యథాతథంగా గూగుల్‌లో వేస్తే ప్రోగ్రామర్ల ప్రశ్నలు, జవాబులుండే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లో జవాబు దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది. చాట్‌జీపీటీని అడిగినా చెబుతుంది, తెలుగులోనే అడగొచ్చు. కానీ "కోడ్ ఇవ్వొద్దు, నా తప్పు ఎక్కడుందో ఒక్క సూచన చెప్పు" అని అడగండి. లేదంటే హోంవర్కు అదే చేసేస్తుంది, మనం కాపీ చేసేవాళ్లుగా మిగులుతాం. ఒకసారి పైథాన్‌లో అసలు లేని ఫంక్షన్ని ఉందని చెప్పి నాతో గంటసేపు వెతికించింది కూడా.

మా తమ్ముడు మూడో రోజు రాత్రి ఫోన్ చేశాడు. పేరులో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే 'లెన్' పట్టుకుని గుంటూరు అని కొట్టాడట, 7 అందట. "మూడే కదా అన్నయ్యా, పైథాన్‌కి తెలుగు రాదా?" అన్నాడు. గ, ఉకారం, సున్నా, ట, ఊకారం, ర, ఉకారం, విడివిడిగా లెక్కపెట్టుకో అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత విజయవాడ కొడుతున్నట్టు కీబోర్డు టకటకలు వినిపించాయి.