ఇవామి గనిలో బూడిద మీద వెండి తీసిన తీరు

జపాన్‌లో షిమానే ప్రాంతపు ఇవామి గనిని 1526 ప్రాంతంలో హకాటా వర్తకుడు కమియా జుతెయ్ తవ్వించడం మొదలుపెట్టాడు. తొలినాళ్లలో ముడి రాయిని ఓడల్లో బయటికి పంపేవారు. 1533లో కొరియా నుంచి హైఫుకి, అంటే ‘బూడిద మీద ఊదడం’ అనే వెండి శుద్ధి పద్ధతి, వచ్చాక శుద్ధి గని దగ్గరే మొదలైంది.

పని రాయితో మొదలవుతుంది. దాన్ని మెత్తగా దంచి, నీళ్లలో పళ్లెంతో గాలించి, తేలిక మట్టిని పారబోయాలి. అడుగున నిలిచిన బరువైన పొడిని సీసంతో కలిపి కరిగిస్తే వెండి సీసంలోకి చేరుతుంది, చిట్టెం, అంటే రాయిలోని మలినాల తెట్టు, పైకి తేలుతుంది. చిట్టెం తీసేశాక మిగిలేది వెండి కలిసిన సీసపు ముద్ద. రాయిలో రాగి ఎక్కువుంటే సీసం కూడా ఎక్కువ పట్టాలి.

అసలు నేర్పంతా బూడిద పరుపులో ఉంది. గుంటలో జల్లించిన మెత్తని బూడిద వేసి, గట్టిగా అదిమి, బాగా ఆరనివ్వాలి. తడి మిగిలితే ఆవిరి పుట్టి కరిగిన లోహాన్ని చిమ్ముతుంది. బూడిద గరుకుగా ఉంటే వెండి కూడా సందుల్లోకి దిగిపోతుంది.

ముద్దను పరుపు మీద పెట్టి, బొగ్గులు పేర్చి, తిత్తులతో గాలి ఊదాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది గానీ అంతటితో ఆగకూడదు. గాలి తగిలి సీసం ఆక్సైడ్‌గా మారుతుంది. 888 డిగ్రీలు దాటితే అదీ కరిగి బూడిదలోకి ఇంకుతుంది. వేడి తగ్గితే ఆ ఆక్సైడ్ పైన పొరలా గడ్డకట్టి, లోపలి సీసానికి గాలి అందదు. అక్కడితో పని నిలిచిపోతుంది, మళ్లీ మంట పెంచాల్సిందే. వెండికి గాలితో అలా కలిసే గుణం లేదు, బూడిదను తడపదు కూడా. అందుకే గుండులా పైనే నిలుస్తుంది. చివరి దశలో 961 డిగ్రీలకు పైన ఉంచకపోతే అది సీసం పూర్తిగా పోకముందే గడ్డకడుతుంది. మరీ మండిస్తే కొంత వెండి ఆవిరైపోతుంది.

ఆఖరి సీసపు పొర తొలగగానే ముద్ద ఒక్కసారి మెరుస్తుంది. ఆ మెరుపే గుర్తు, ఊదడం ఆపాలి. చల్లార్చడంలో మాత్రం తొందర పనికిరాదు: కరిగిన వెండి పీల్చుకున్న ఆక్సిజన్ గడ్డకట్టేటప్పుడు తన్నుకొచ్చి వెండి తుంపరలను చిమ్ముతుంది.

ఈ పొగంతా సీసపు విషమే, గాలి పారే చోట తప్ప చేయరాదు. సీసం తాగిన బూడిదను పారేయకూడదు. బొగ్గుతో మళ్లీ కరిగిస్తే సీసం తిరిగి వస్తుంది.