లోపమున్న రాజు పాత్ర ఆడటం – 3వ పాఠం: అనుమానం కొలువు తీరితే

తలా ఒక పాత్ర తీసుకుని, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే ఆటలో (రోల్‌ప్లేయింగ్ గేమ్) మీది రాజు పాత్ర. క్రితం పాఠంలో ఆ రాజుకి ఒకే ఒక్క లోపం ఎంచుకోమన్నాను. కోపమో, దురాశో, అనుమానమో పాత్ర కాగితం మీద రాసుకునే ఉంటారు. రాయడం తేలిక. ఆట మొదలయ్యాక చాలామంది కొలువులో రెండుసార్లు బల్ల గుద్ది, ఒక సేవకుణ్ణి తిట్టి, అసలు నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి మహా వివేకంగా సరైన దారే పడతారు. రాజ్యానికి చిల్లిగవ్వ ఖర్చు పెట్టించని లోపం ఉన్నా లేనట్టే.

ఇవాళ అనుమానాన్ని తీసుకుందాం. రాజు పాత్రకి ఇంతకంటే పనికొచ్చే లోపం లేదని నా అభిప్రాయం. కోపం వచ్చి పోతుంది. దురాశ ఖజానా చుట్టూనే తిరుగుతుంది. అనుమానం మాత్రం తనకి కావలసిన ద్రోహుల్ని తానే పుట్టిస్తుంది.

ఇంగ్లండు రాజు జాన్‌ని చూడండి. చేతకానివాడేం కాదు. రాజ్యమంతా తిరుగుతూ వ్యాజ్యాలు స్వయంగా వినేవాడు. అన్నీ తానే చూసుకోవాలనే మనిషి ఎవరినీ నమ్మలేకపోవడంలో వింతేముంది? ప్రభువుల విధేయతకి హామీగా వాళ్ళ కొడుకుల్ని బందీలుగా అడిగేవాడు. ఒకప్పుడు తనకి బాగా దగ్గరివాడైన విలియం డి బ్రియోజ్‌నీ 1208లో అలాగే అడిగాడు. విలియం భార్య మెటిల్డా ఇవ్వనంది. సొంత అన్న కొడుకు ఆర్థర్‌నే పొట్టన పెట్టుకున్నవాడికి నా పిల్లల్ని అప్పగించనని రాజభటుల ముందే అనేసిందని ఆ తరం చరిత్రకారుడొకరు రాశాడు. 1210లో ఆమె, ఆమె పెద్ద కొడుకు ఇద్దరూ జాన్ చెరలో ఆకలితో చనిపోయారు. 1215లో తిరగబడ్డ ప్రభువులు జాన్ చేత ఒప్పించిన, రాజు అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా అనే ఒప్పందంలో 49వ నిబంధన, బందీలందరినీ వెంటనే తిరిగి పంపించేయాలనే. విధేయత కోసం పట్టుకున్న పిల్లలే తిరుగుబాటుకి ఒక కారణమై కూర్చున్నారు.

ఇక మన ఆటలోకి వద్దాం. సరిహద్దు కోట అధిపతి మరో ఆటగాడి పాత్ర. 200 మంది సైనికులు కావాలని కొలువుకి వచ్చాడు. "నువ్వు ద్రోహివి, పట్టుకోండి!" అని అరిచారనుకోండి, ఆ ఆటగాడికి మిగిలిన సెషనంతా, అంటే ఆ పూట ఆటంతా, చెరసాలే. అలా చేసి "నా పాత్ర అంతేగా" అనడం నాకు ఒళ్ళు మండే సాకు.

అలా కాకుండా, అడిగిన 200 మందినీ ఇచ్చేయండి. అతని శౌర్యాన్ని అందరి ముందూ పొగడండి. ఆపైన మెల్లగా, "కోట చుట్టూ యుద్ధం ముసురుకుంటోంది. మీ అమ్మాయిని రాజధానికి పంపించండి, రాణిగారి దగ్గర క్షేమంగా ఉంటుంది" అనండి. గొంతు పెంచక్కర్లేదు, కొలువులో అర్థం కానివాడుండడు. ఇప్పుడు ఆట అతని చేతిలో ఉంది. పంపొచ్చు, జ్వరమని వాయిదా వేయొచ్చు, వేరే పిల్లని తన కూతురని పంపొచ్చు. నిన్నటిదాకా ఆలోచనలోనే లేని పని, శత్రురాజుకి ఉత్తరం రాయడం, అదీ చేయొచ్చు.

పాచికల సంగతి. ఎదుటివాడు నిజం చెబుతున్నాడా అని వేస్తారు, గెలుస్తారు, గేమ్ మాస్టర్ (ఆట నడిపించే మనిషి) "నిజమే చెబుతున్నాడు" అంటాడు. ఆ మాట మీరు నమ్మండి, రాజు మాత్రం నమ్మకూడదు. "నిజాన్నే ముసుగుగా వాడుతున్నాడంటే ఎంత తెలివైనవాడో" అనుకోవాలి. మీకు తెలిసినదానికీ రాజు నమ్మేదానికీ మధ్య ఈ దూరం ఉన్నంతసేపే పాత్ర బతికుంటుంది.

రెండు జాగ్రత్తలు. సెషన్‌కి ముందే ఆ ఆటగాడితో "మా రాజు నీ కోట అధిపతిని అనుమానిస్తాడు, ఫర్వాలేదా?" అని అడగండి. రాజుకి అధికారం ఎక్కువ కాబట్టి ఈ మర్యాద బాధ్యత కూడా మీదే ఎక్కువ. రెండోది, అందరినీ అనుమానించే రాజు గుడ్డిగా నమ్మే మనిషి ఒకరుండాలి. వైద్యుడో, దాదో, పెద్ద చెల్లెలో. అది ఎవరో మీరు చెప్పండి, నమ్మదగ్గ మనిషేనా కాదా అన్నది గేమ్ మాస్టర్‌కి వదిలేయండి. మిగతా ఆటగాళ్ళు రాజుని కదిలించడానికి దొరికే దారి అదే.

ఈ వారం అభ్యాసం: సైన్యం అడిగే సామంతుడు, పెళ్ళికి అనుమతి కోరే తమ్ముడు, పన్ను తగ్గించమనే వర్తకుడు. ముగ్గురికీ మీ రాజు జవాబు రెండేసి వాక్యాల్లో రాయండి. నింద, బెదిరింపు, ద్రోహమనే మాట ఉండకూడదు. ప్రతి జవాబు కిందా మూడు సెషన్ల తర్వాత దానివల్ల రాజు ఏం పోగొట్టుకుంటాడో రాయండి. అక్కడ రాయడానికేమీ తోచకపోతే జవాబు మార్చండి. ఈ కాగితం దాచుకోండి, 4వ పాఠంలో ఇదే వర్తకుడు ఖాళీ ఖజానా ముందుకి మళ్ళీ వస్తాడు.