స్పీకర్ దగ్గర మొదలుపెట్టండి: 40 మీటర్ల బిట్‌ఎక్స్ కిట్ కట్టడం, తప్పులు పట్టడం

బిట్‌ఎక్స్ అంటే ఇంట్లోనే కట్టుకునే హామ్ రేడియో సెట్; వినడం, మాట పంపడం రెండూ దానితోనే. ఆ కిట్ చేతికి రాగానే పార్టులన్నీ బోర్డు మీద ఎక్కించి, చివర్లో ఒక్కసారే 12 వోల్టులు ఇచ్చేవాళ్లు చాలామంది. పని చేయకపోతే బోర్డంతా వెతకాలి. ఒక్కో స్టేజి కట్టి, కొలిచి, పనిచేస్తోందని తేలాకే తరువాతి దానికి వెళ్తే, తప్పు ఎప్పుడూ చివర పెట్టిన పది పదిహేను పార్టుల్లోనే ఉంటుంది. సోల్డరింగ్ చేయి తిరగకపోయినా కిట్ పలికించవచ్చు గానీ, ఈ క్రమం తప్పితే కష్టం.

ఇక్కడ చెప్పేదంతా 7 మెగాహెర్ట్జ్ (అంటే 40 మీటర్ల బ్యాండు) ఎస్‌ఎస్‌బీ, అంటే మాటను ఒక పక్క బ్యాండులోనే పంపే పద్ధతి, బిట్‌ఎక్స్ తరహా కిట్ గురించి. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (హామ్ కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) గీసిన డిజైన్ ఇది. మన బజార్లో దొరికే సామానుతోనే కట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. మొదటి బిట్‌ఎక్స్20లో కాయిల్స్ చుట్టడానికి నల్లా వాషర్లు వాడారు, ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్ కోర్లు వాడారు. ఒకే యాంప్లిఫయర్లు, ఒకే క్రిస్టల్ ఫిల్టర్ రిసీవ్‌లో ఒక దిక్కున, ట్రాన్స్‌మిట్‌లో ఎదురు దిక్కున పనిచేస్తాయి. తప్పులు పట్టేటప్పుడు ఈ రెండు దిక్కుల సంగతే మనకు పెద్ద సాయం. ఇక్కడి లెక్కలకు ఐఎఫ్ (సెట్ లోపలి మధ్యంతర ఫ్రీక్వెన్సీ) 12 మెగాహెర్ట్జ్, వీఎఫ్‌ఓ (స్టేషన్ మార్చే ఆసిలేటర్) 5 మెగాహెర్ట్జ్ ప్రాంతం, ఫైనల్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్) ఐఆర్‌ఎఫ్510 అనుకుందాం. 7.100 వినాలంటే వీఎఫ్‌ఓ 4.900 దగ్గర ఉండాలి. రెండూ కలిస్తే 12. మీ కిట్‌లో ఐఎఫ్ వేరైతే ఈ కూడిక మార్చుకోండి.

ఇంకో మాట ముందే. ట్రాన్స్‌మిటర్ వైపు చేయి పెట్టేముందు కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ ఇచ్చే అమెచ్యూర్ లైసెన్స్ చేతిలో ఉండాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయవచ్చు. మన దేశంలో 40 మీటర్ల బ్యాండు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకే.

సామాను

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న మొన, 60/40 సోల్డర్ 0.8 మిల్లీమీటర్లది. బోర్డు మీద ప్లంబింగ్ పేస్ట్ వాడకండి, అది నెమ్మదిగా రాగిని తినేస్తుంది. డిజిటల్ మల్టీమీటర్ తప్పనిసరి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు దాదాపు అన్నీ దొరుకుతాయి. టొరాయిడ్లు (వైరు చుట్టే గుండ్రటి ఉంగరపు కోర్లు) మాత్రం కిట్‌తో వచ్చినవే జాగ్రత్తగా దాచుకోండి. ఎనామెల్ వైరు అదనంగా కావాలంటే మోటార్ రివైండింగ్ షాపులో 26, 28 గేజి అడగండి.

రెండు వస్తువులు మీరే చేసుకోవాలి. మొదటిది డమ్మీ లోడ్, పరీక్షకు యాంటెన్నా బదులు పెట్టేది: 200 ఓంలు 2 వాట్ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌లో కలిపితే 50 ఓంలు, 8 వాట్లు. వైర్‌వౌండ్ రెసిస్టర్లు పనికిరావు, అవి కాయిల్‌లా ప్రవర్తిస్తాయి. రెండోది ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ప్రోబ్: సిగ్నల్ వచ్చే వైపు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని రెండో కాలి నుంచి గ్రౌండుకు 1ఎన్34 డయోడ్, అదే జాయింటు నుంచి మీటరుకు 4.7 మెగాఓం రెసిస్టర్. మీటరు డీసీ వోల్టుల్లో పెడితే ఆర్‌ఎఫ్ వోల్టేజి ఇంచుమించుగా ఆర్‌ఎంఎస్‌లో చూపిస్తుంది. ఆసిలోస్కోపు లేని ఇంట్లో ఇదే మన కన్ను.

పార్టులు ఎక్కించేముందు

ప్రతి రెసిస్టర్‌నూ మీటరుతో కొలిచే పెట్టండి. ట్యూబ్‌లైటు కింద ఎరుపు, నారింజ గీతలు ఒకేలా కనిపిస్తాయి. 1కె స్థానంలో 10కె కూర్చుంటే ఆ స్టేజి చచ్చినట్టే. కెపాసిటర్ల మీద 104 అంటే 0.1 మైక్రోఫారడ్, 103 అంటే 0.01, 102 అంటే 1000 పికోఫారడ్లు. మోసపోయేది 470 దగ్గర: అలా రాసిన డిస్క్ చాలాసార్లు 47 పికోఫారడ్లే. 470 పికోఫారడ్లు కావాలంటే దాని మీద 471 ఉండాలి. బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌లో ఈ ఒక్క మార్పు జరిగితే రిసీవర్ చెవిటిదైపోతుంది, డీసీ వోల్టేజీలు మాత్రం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

ట్రాన్సిస్టర్ల కాళ్లు ఇంకో గుంత. చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. ప్లాస్టిక్ పీఎన్2222దీ 3904 వరసే, కానీ పీ2ఎన్2222ఏ అని ముద్ర ఉంటే మళ్లీ బీసీ547 వరస. బోర్డు మీద గీసిన బొమ్మను నమ్మి పెట్టేముందు మీటరు డయోడ్ స్థానంలో బేస్ ఏదో, హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్‌లో మిగతా రెండూ ఏవో తేల్చుకోండి.

టొరాయిడ్లు చుట్టేటప్పుడు వైరు రంధ్రంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు. బయట కనిపించే లూపులు లెక్కపెడితే ఒకటి తగ్గిపోతుంది. టీ37-6 కోరుకు చుట్ల సంఖ్య వర్గాన్ని 3తో గుణిస్తే నానోహెన్రీలు వస్తాయి: 21 చుట్లకు సుమారు 1.3 మైక్రోహెన్రీలు, 24 చుట్లకు 1.7. ఏడు పార్టుల 40 మీటర్ల లోపాస్ ఫిల్టర్‌లో బాగా నలిగిన విలువలివే: అటూ ఇటూ 21 చుట్లు, నడుమ 24, చివరి కెపాసిటర్లు 270, లోపలివి 680 పికోఫారడ్లు. టీ50-2 కోరుకైతే 3 బదులు 4.9తో గుణించండి.

ఎనామెల్ పొర సరిగ్గా పోకపోవడం కిట్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. బ్లేడుతో చుట్టూ గీకి, సోల్డర్ పూసి, కాలు వెండిలా మెరిసేదాకా వదలకండి. బోర్డులో పెట్టాక మీటరు బీప్‌తో కనెక్షన్ చూసేది కాయిల్ కాళ్ల మీద కాదు, ఆ కాళ్లు కలిసిన ట్రాక్‌ల మీద. మిక్సర్లలో (రెండు ఫ్రీక్వెన్సీలను కలిపి కొత్తది తీసే భాగాల్లో) వాడే ఎఫ్‌టీ37-43 ట్రాన్స్‌ఫార్మర్లకు మూడు వైర్లు కలిపి మెలిపెట్టి చుట్టాలి. మూడు రంగుల వైర్లు దొరికితే పని తేలిక. ఒకే రంగైతే బీప్‌తో ఒక్కో వైరు మొదలు, చివర గుర్తించి కాగితం మీద రాసుకోండి. సెంటర్ ట్యాప్ అంటే ఒక వైరు చివర, ఇంకో వైరు మొదలు కలవడం. పొరపాటున ఒకే వైరు రెండు కొసలూ కలిపితే ఆ చుట్టు షార్టయి మిక్సర్ పూర్తిగా మూగబోతుంది.

ఫిల్టర్‌కు నాలుగు క్రిస్టల్స్ కిట్‌లో జతచేసి ఇవ్వకపోతే, డజను తెచ్చి ఒకే ఆసిలేటర్‌లో ఒక్కొక్కటీ పెట్టి ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో కొలవండి. వేలి వేడికే అంకె కదులుతుంది. పెట్టాక చేయి తీసేసి అర నిమిషం ఆగి రాసుకోండి. 100 హెర్ట్జ్ లోపు తేడా ఉన్న నాలుగు ఫిల్టర్‌కు, బీఎఫ్‌ఓ (ఐఎఫ్ సిగ్నల్‌తో కలిసి మాటను తిరిగి తెచ్చే ఆసిలేటర్) కూడా క్రిస్టల్‌దే అయితే మిగిలినవాటిలోంచి ఒకటి దానికి.

కట్టే క్రమం

మొదటి కరెంటు ఎప్పుడూ సీరీస్ ల్యాంప్ ద్వారానే ఇవ్వండి. బైకు ఇండికేటర్ 12 వోల్టుల 10 వాట్ల బల్బు పాజిటివ్ వైరులో పెడితే, షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ సప్లైగా చాలా మంచిది, ఎస్‌ఎంపీఎస్ రొద ఉండదు. కానీ దానికి ఫ్యూజు మరవకండి; షార్టయితే ఆ బ్యాటరీ వైర్లను కాల్చేస్తుంది.

ఆడియో ముందు. ఎల్‌ఎం386 పెట్టి, 6వ పిన్ను మీద సప్లై, 5వ పిన్ను మీద అందులో సగం ఉందేమో చూడండి. వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలిని స్క్రూడ్రైవర్‌తో తాకితే స్పీకర్‌లో గుర్రుమనాలి. ఎన్-1 రకమైతే 12 వోల్టుల వరకే దాని పని, 13.8 సప్లై వాడేవాళ్లు ఎన్-4 పెట్టుకోవడం మేలు. తరువాత ఆడియో ప్రీయాంప్, దాని ఇన్‌పుట్ తాకితే గుర్రు ఇంకా పెద్దదవాలి.

ఆపైన బీఎఫ్‌ఓ. ప్రోబ్ పెడితే వోల్టేజి కనబడాలి, పక్కన షార్ట్‌వేవ్ రేడియో 12 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే హిస్సు అణిగిపోవాలి. తరువాత డిటెక్టర్ డయోడ్లు, క్రిస్టల్ ఫిల్టర్, దానికి ఇరుపక్కల ఐఎఫ్ యాంప్లిఫయర్లు. ప్రతి ట్రాన్సిస్టర్‌కూ బేస్, ఎమిటర్ మధ్య 0.6 నుంచి 0.7 వోల్టులు ఉండాలి. సున్నా ఉంటే బయాస్ రాలేదు, వోల్టు దాటితే ట్రాన్సిస్టర్ తిరగబడింది లేదా పోయింది. ఈ దశలో ఐఎఫ్ ఇన్‌పుట్‌కి మూరెడు వైరు తగిలిస్తే స్పీకర్‌లో హిస్సు స్పష్టంగా పెరగాలి.

ఇక వీఎఫ్‌ఓ. ఎస్ఐ5351 బోర్డయితే అంకె డిస్‌ప్లే మీదే కనిపిస్తుంది, కానీ డిస్‌ప్లే చూపినంత మాత్రాన సిగ్నల్ మిక్సర్‌దాకా వచ్చినట్టు కాదు. మిక్సర్ దగ్గరే ప్రోబ్ పెట్టండి. అర వోల్టు ఉంటే డయోడ్ మిక్సర్‌కు సరిపోతుంది. చివర బ్యాండ్‌పాస్ ఫిల్టర్, ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్. యాంటెన్నా తగిలించి సాయంత్రం వినండి. ట్రిమ్మర్లను హిస్సు పెద్దదయ్యే చోటికి కాదు, 7.1 దగ్గర ఏదైనా బలహీనమైన సిగ్నల్ బాగా వినిపించే చోటికి తిప్పండి. డయల్ సరిచూడటానికి 7.200 పైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు ఉపయోగపడతాయి. అవి 5 కిలోహెర్ట్జ్ మెట్ల మీద ఉంటాయి కాబట్టి, ఈల సున్నాకు దిగిన చోట డయల్ ఎంత తప్పుతోందో అంతే దిద్దుకోవాలి.

బీఎఫ్‌ఓ చోటు కూడా అదే స్టేషన్‌తో తేలుతుంది. సున్నా ఈల దాటి రెండో వైపుకు వెళ్లాక కూడా ఈల అంతే గట్టిగా వినిపిస్తే, బీఎఫ్‌ఓ ఫిల్టర్ నడుమ కూర్చుంది. ఒకవైపు మాత్రమే గట్టిగా వినిపించేదాకా దాన్ని జరపండి. మరీ జరిపితే మాటలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచబడతాయి.

ట్రాన్స్‌మిట్

పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కినప్పుడు టీ లైన్‌లో, అంటే ట్రాన్స్‌మిట్ సప్లైలో, 12 వోల్టులు, ఆర్ లైన్‌లో, అంటే రిసీవ్ సప్లైలో, సున్నా ఉండాలి, వదిలితే తారుమారు. ఆగి ఉన్న లైన్‌లో రెండు మూడు వోల్టులు మిగిలితే రెండు దిక్కుల యాంప్లిఫయర్లూ ఒకేసారి లేస్తాయి, సెట్ ఈల వేస్తుంది. రిలే కాంటాక్టు, స్విచింగ్ డయోడ్లు చూడండి. రిసీవ్ బాగుండి ట్రాన్స్‌మిట్ లేకపోతే ఫిల్టర్, వీఎఫ్‌ఓ, బీఎఫ్‌ఓ మంచివే. ఇక వెతకాల్సింది మైక్ యాంప్లిఫయర్, ఎదురు దిక్కు ట్రాన్సిస్టర్లు, డ్రైవర్, ఫైనల్ మాత్రమే.

ఐఆర్‌ఎఫ్510 లోహపు రెక్క డ్రెయినే. హీట్‌సింక్‌కు మైకా, ప్లాస్టిక్ బుష్ లేకుండా బిగిస్తే సప్లై గ్రౌండుకు షార్టు. బిగించాక మీటరు పెట్టి రెక్కకూ హీట్‌సింక్‌కూ సంబంధం లేదని చూడండి. బయాస్ ప్రీసెట్ ఎటు తిప్పితే సున్నా అవుతుందో బోర్డుబోర్డుకూ మారుతుంది కాబట్టి గేటు మీద మీటరు పెట్టి సున్నాకు తెచ్చి, అప్పుడే ఫైనల్‌కు సప్లై ఇవ్వండి. డమ్మీ లోడ్ తగిలించి, ఫైనల్ సప్లై వైరులో ఆమ్మీటరు పెట్టి, మైకు వైరు తీసేసి, పీటీటీ నొక్కి మెల్లగా తిప్పండి. రెండు మూడు వోల్టుల దాకా ఏమీ కదలదు, ఆపైన వెంట్రుకవాసికే కరెంటు ఎగబాకుతుంది. 100 మిల్లీఆంప్స్ దగ్గర ఆపేయండి.

అలా తిప్పుతుండగా కరెంటు ఒక్కసారిగా 500కు దూకితే, మాట్లాడకుండానే డమ్మీ లోడ్ వేడెక్కితే, ఆసిలేషన్ అయినా కావచ్చు, క్యారియర్ లీకైనా కావచ్చు. బీఎఫ్‌ఓను ఆపి చూడండి. అవుట్‌పుట్ పోతే అది క్యారియర్. బ్యాలెన్స్ ప్రీసెట్‌ను ప్రోబ్ అంకె కనిష్ఠానికి వచ్చేదాకా తిప్పాలి. పోకపోతే ఆసిలేషన్: గేటుకు సీరీస్‌లో 10 ఓంలు, డ్రెయిన్ సప్లై దగ్గరే 0.1 బైపాస్, పొట్టి గ్రౌండు వైర్లు, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య దూరం. నాలుగూ చూస్తే ఎక్కువసార్లు అక్కడే తగ్గుతుంది.

పవర్ కొలవడానికి డమ్మీ లోడ్ మీద 1ఎన్4148, 0.01 కెపాసిటర్‌తో పీక్ వోల్టేజి తీసుకోండి. దానికి 0.7 కలిపి, వర్గం చేసి, 100తో భాగిస్తే వాట్లు. మైకులో గట్టిగా ఈల వేసినప్పుడు 26 వోల్టులు కనిపిస్తే 7 వాట్లు వచ్చినట్టే. ఆ సమయంలో సప్లై నుంచి ఆంపియర్‌న్నర దాకా లాగడం మామూలే. రెండు వాట్లే వస్తే బయాస్ పెంచకండి. డ్రైవర్ అవుట్‌పుట్ ఎంతుందో, లోపాస్ కాయిల్స్‌లో ఏదైనా వేడెక్కుతోందో ముందు చూడండి. ఐఆర్‌ఎఫ్510 పోయిందన్న అనుమానం ఉంటే, బోర్డు నుంచి తీసి డ్రెయిన్, సోర్స్ మధ్య రెండు వైపులా కొలవండి. ఒకవైపు డయోడ్‌లా కనబడాలి. రెండు వైపులా సున్నా వస్తే మార్చాల్సిందే.

యాంటెన్నాకు మారాకే కొత్త తప్పులు బయటపడతాయి. 7.1కి డైపోల్ మొత్తం పొడవు 20.1 మీటర్లు, మొదట కాస్త ఎక్కువగా ఒక్కో చేయి 10.3 మీటర్లు కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె) చూస్తూ కత్తిరించుకుంటూ రండి. డమ్మీ లోడ్ మీద శుభ్రంగా ఉన్న మాట డాబా మీది తీగకు మారగానే గరగరమంటే ఆర్‌ఎఫ్ మైకులోకి వస్తోందని అర్థం. మైకు వైరును షీల్డు వైరుగా మార్చి, మైకు సాకెట్ దగ్గరే 1000 పికోఫారడ్లు గ్రౌండుకు పెట్టి, యాంటెన్నా కేబుల్‌ను ఫీడ్‌పాయింట్ (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర పది చుట్లు చుట్టి కట్టండి. అప్పటికీ తగ్గకపోతే సెట్‌ను లోహపు పెట్టెలో బిగించి, బోర్డు గ్రౌండును పెట్టెకు యాంటెన్నా సాకెట్ దగ్గర కలపండి.