క్లారినెట్, ఫ్లూట్ సోలోలను ట్రాంబోన్‌కు, ట్యూబాకు రాసుకునే ముందు

చెన్నైలో డిసెంబర్ రిసైటల్స్ దగ్గర పడుతున్నాయి. ఈ సోలోలను ట్రాంబోన్, ట్యూబా లాంటి మంద్రస్థాయి ఇత్తడి వాద్యాలకు మార్చి రాసుకోవాలంటే, పెన్సిల్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• ముందు శ్రుతి. క్లారినెట్ పార్ట్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయకండి. మోజార్ట్ 1791లో రాసిన కాన్సెర్టో ఎ-క్లారినెట్‌ది: పేజీలో సి ఉంటే వినిపించేది ఎ. బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాలు రాసే గుర్తుతో) ట్రాంబోన్, ట్యూబా రాసిందే పలుకుతాయి. ఇది మరిచి నేను పియానోతో మొదటి రిహార్సల్ తర్వాత రెండు రాత్రులు కూర్చుని అంతా తిరగరాశాను. యూఫోనియాన్ని (ట్యూబా తరహా చిన్న వాద్యం) ట్రెబుల్ క్లెఫ్‌లో, అంటే పై స్వరాల గుర్తుతో, చదివేవారికి లెక్క మళ్లీ వేరు.

• ఊపిరి. బాఖ్ ఎ మైనర్ ఫ్లూట్ పార్టిటా (కొన్ని భాగాలుగా ఉండే రచన) మొదటి భాగంలో ఆగే చోటు దాదాపు ఉండదు. ట్యూబా కింది స్వరాలకు గాలి చాలా కావాలి. ఎక్కడ పీల్చాలో, అందుకోసం ఏ స్వరం వదలాలో రాసేటప్పుడే గుర్తు పెట్టండి. వేదిక మీద తేల్చుకుందామంటే టెన్షన్‌లో సంగతి (ఒక్క ఊపులో సాగే స్వరాల వరస) మధ్యలో తెగుతుంది.

• స్థాయి దించితే సంగతి మొత్తం దించండి. సగంలో మారిస్తే రాగం విరిగినట్టు వినిపిస్తుంది.

• ట్రాంబోన్‌కు ప్రతి స్లర్‌నూ (స్వరాలను కలిపి పలికే చోటును) వాయించి చూడండి. నాలుక మెత్తగా తగలకపోతే స్లైడ్ (ముందుకూ వెనక్కూ జరిపే గొట్టం) జారుడు బయటపడుతుంది.

• పియానో ఎడమచేతి స్వరాలు కూడా చూడండి. సోలో వాటి కిందికి దిగితే హార్మొనీయే మారిపోతుంది.