షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీ పెడుతున్నారా? డీఓసీకి ఇలా అప్లై చేయాలి

వేరే ఓనర్ల షిప్పులు తీసుకుని టెక్నికల్ మేనేజ్‌మెంట్ చేద్దామనుకునే వాళ్లకి ముందు కావాల్సింది డీఓసీ, అంటే డాక్యుమెంట్ ఆఫ్ కంప్లయన్స్. మీ కంపెనీ ఐఎస్ఎం కోడ్ (షిప్పుల సేఫ్టీ మేనేజ్‌మెంట్‌కి ఉన్న అంతర్జాతీయ రూల్స్) ప్రకారం నడుస్తోందని ఇచ్చే సర్టిఫికెట్ ఇది. 500 గ్రాస్ టన్నేజ్, అంతకు పైబడ్డ కార్గో షిప్ ఇంటర్నేషనల్ వాయేజ్‌కి వెళ్లాలంటే ఇది తప్పనిసరి.

ముందు కంపెనీకి ఐఎంఓ (ఇంటర్నేషనల్ మారిటైమ్ ఆర్గనైజేషన్) నంబర్ తీసుకోండి, తర్వాత ఫ్లాగ్‌కి, అంటే షిప్ రిజిస్టరైన దేశానికి అప్లై చేయాలి. ఇండియన్ ఫ్లాగ్ అయితే డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ డైరెక్టరేట్), వేరే ఫ్లాగులు చాలావరకు ఈ పని క్లాస్ సొసైటీలకి (షిప్పులని తనిఖీ చేసి సర్టిఫై చేసే సంస్థలకి) అప్పజెప్తాయి. షిప్ బాధ్యత మీకిచ్చానని ఓనర్ కూడా ఫ్లాగ్‌కి తెలియజేయాలి. డీఓసీ షిప్ టైప్‌ని బట్టి ఇస్తారు, బల్క్ క్యారియర్‌కి తీసుకున్నది ఆయిల్ ట్యాంకర్‌కి పనికిరాదు.

కొత్త కంపెనీకి ముందు ఇంటెరిమ్ డీఓసీ ఇస్తారు, 12 నెలలకి మించదు, షిప్‌కి విడిగా ఇచ్చే ఇంటెరిమ్ ఎస్ఎంసీ (సేఫ్టీ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) మామూలుగా 6 నెలలు. ఆఫీసులోనూ, ఆ టైప్ షిప్ కనీసం ఒకదాన్లోనూ సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ 3 నెలలు నడిచినట్టు రికార్డులు చూపిస్తేనే ఫుల్ డీఓసీ, అది 5 ఏళ్లు.

అన్నిటికన్నా ముఖ్యం డీపీఏ (డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్), అంటే షిప్ సేఫ్టీ విషయాల్లో షిప్‌కీ కంపెనీకీ మధ్య లింక్‌గా ఆఫీసులో ఉండే మనిషి. ఈయన కంపెనీ టాప్ మేనేజ్‌మెంట్‌తో నేరుగా మాట్లాడగలిగే మనిషి అయ్యుండాలి, ఫారంలో నింపడానికి ఏదో ఒక పేరు రాసేయకండి దయచేసి. 1987లో జీబ్రుగ్గ దగ్గర హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ఫెర్రీ ముందు డోర్ తెరిచుండగానే బయల్దేరి బోల్తాపడి 193 మంది పోయారు, డోర్ మూసుందో లేదో బ్రిడ్జిలో తెలిసేలా లైట్లు పెట్టమని కెప్టెన్లు అంతకుముందే అడిగితే ఆఫీసువాళ్లు పట్టించుకోలేదు. 1998 నుంచి ఐఎస్ఎం కోడ్ తప్పనిసరి అవ్వడం వెనకున్నది ఇలాంటి యాక్సిడెంట్లే.

నేనున్న ఒక ఆడిట్‌లో ఆడిటర్ మెస్ రూమ్ గోడమీద డీపీఏ నంబర్ చూసి అక్కడే ఉన్న ఆయిలర్‌ని (ఇంజిన్ రూమ్ సిబ్బందిలో ఒకతన్ని) ఫోన్ చేయమన్నాడు, అది ఎప్పుడో మానేసినాయన నంబర్. మాన్యువల్స్ అన్నీ పక్కాగా ఉన్నా అక్కడే నాన్ కన్ఫర్మిటీ (రూల్ పాటించలేదని లోపం) రాశాడు, కరెక్టే రాశాడు. కాబట్టి అప్లై చేసేముందు షిప్ నుంచి ఒకసారి ఆ నంబర్‌కి కాల్ చేయించి చూసుకోండి.

డీఓసీ వచ్చాక ప్రతి ఏడూ యానివర్సరీ డేట్‌కి 3 నెలలు ముందూ వెనకా లోపు ఆడిట్ అడిగి చేయించుకోవాలి, లేకపోతే డీఓసీ వెనక్కి తీసుకుంటారు, దాంతోపాటే మీ షిప్పుల ఎస్ఎంసీలన్నీ పోతాయి.